పోలమ్మ పరుగుకు కుట్టిన జాకెట్టు

2023వ సంవత్సరం, మాఘమాసం. విడవలూరు బజారులో మా ఇంటి ముందు గదే నా కుట్టు అంగడి. ఒక తొక్కుడు మిషను, పక్కన ఒక ఓవర్‌లాక్ మిషను, గోడకు వరసగా వేలాడే జాకెట్లు, మూలన చిన్న దేవుడి పటం. ఓవర్‌లాక్ అంటే బట్ట అంచు పోగులు ఊడిపోకుండా చుట్టి కుట్టడం. అప్పటికి ఆ గదిలో కూర్చుని కుట్టడం మొదలుపెట్టి నాకు ముప్పై ఏళ్లు దాటాయి. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి ఇల్లు కదలలేకపోతే నాన్న అక్షరాలు నేర్పారు, అమ్మ కుట్టు నేర్పింది. ఆ రెండూ దేవుడు నాకు ఇంటికి పంపించి ఇచ్చినవే అనుకుంటాను. కుట్టు పనిలో చెప్పుకోదగ్గ సంగతులు ఏముంటాయని అడిగేవారికి ఈ ఒక్క జాకెట్టు సంగతి చెబుతుంటాను.

పోలమ్మది సముద్రం ఒడ్డున ఉండే పట్టపుపాలెం. పాలెం మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు చేపల బుట్టలు ఎత్తుకుని మా బజారుకు వస్తారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, గట్టి మాట, గట్టి నడక. ఒకనాడు బేరం అయ్యాక ఖాళీ బుట్ట గడప బయట పెట్టి లోపలికి వచ్చింది.

"అక్కా, ఒక జాకెట్టు కుట్టాల. పెండ్లికి కుట్టినట్టు బిగుతుగా ఉండాల."

"ఎవురి పెండ్లి మే?"

"పెండ్లి గాదు. పరిగెత్తాల."

నేను కత్తెర కింద పెట్టి ఆమె ముఖం చూశాను. ఎగతాళి కాదు.

రక్తదానం చేయించే కుర్రకారు కొందరు విడవలూరు నుంచి సముద్రం ఒడ్డు దాకా పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. అందులో డబ్బు వసూలు లేదు. పరిగెత్తేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రోగి పేరు చెప్పి పరిగెత్తాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ రోగికి రక్తం ఇస్తామని పేరు రాయించాలి. పోలమ్మ తన ఆడబిడ్డ సుజాత పేరు మీద పరిగెత్తుతానని చెప్పి వచ్చేసింది.

సుజాత సంగతి నాకు కొంత తెలుసు. ముప్పై ఏళ్ల పిల్ల. ఒంట్లో ఎముకల లోపలి మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది. నెల్లూరు ఆసుపత్రిలో మందు మొదలుపెట్టారు కానీ అది పనిచేయడానికి నెలలు పడుతుందని, అందాకా వారం వారం ప్లేట్‌లెట్లు ఎక్కించాలని చెప్పారు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేవి అవి. అవి లేకపోతే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, చివరికి తల లోపల కూడా రక్తం కారిపోవచ్చు. తెచ్చి దాచిపెడదామంటే అయిదు రోజులకు మించి నిలవవట. కాబట్టి ప్రతి వారం ఒక మనిషి పోయి మిషను పక్కన పడుకోవాలి. మిషను అతని రక్తంలో ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతాది మళ్లీ ఎక్కించేస్తుంది. పోలమ్మ ఇచ్చింది, ఆమె భర్త శీనయ్య ఇచ్చాడు. కానీ ఇచ్చినవాళ్లే ప్రతి వారం ఇయ్యడానికి లేదు.

"మీ పాలెంలో అంతమంది మగోళ్లు ఉండారు గదా?" అన్నాను.

"ఉండారు. మావోళ్లలో ఒకాయన ఇచ్చి, ఆసుపత్రోళ్లు ఒకరోజు ఆగమన్నా ఇనకుండా తెల్లారే వేటకు పొయినాడు. పడవలో కండ్లు తిరిగి నీళ్లలో పడినాడు. లాగి ఏసినారనుకో. ఆరోజు నుంచి మా పెద్దకాపు ఒకటే మాట, రక్తం ఇస్తే వేటకు పోయే బలం పోతుంది అని. ఇంక ఎవురొస్తారు?"

పెద్దకాపు అంటే పాలెంలో అందరూ మాట వినే పెద్దమనిషి. ఆయన పేరు మస్తానయ్య.

"అందుకని నువ్వు పరిగెత్తతావా?"

"నేనూ రక్తం ఇచ్చినదాన్నే గదక్కా. ఇచ్చి మూడు వారాలైంది. పది కిలోమీటర్లు పరిగెత్తి ఆళ్ల ముందర నిలబడతా. అప్పుడు ఏం మాట్లాడతారో చూస్తా."

ఆసుపత్రిలో అడిగిందట, పరిగెత్తవచ్చన్నారట. వదినా ఆడబిడ్డలకు పడేది కాదని బజారులో అందరం ఎరుగుదుము. ఆ మాటే అడిగాను.

"పడదు," అంది పోలమ్మ. "నేను కాపరానికి వచ్చిన కాడి నుంచి నా కూర మీద పేర్లు పెట్టని పూట లేదు. అయితే ఇప్పుడు దాని నోరు లేక మా ఇల్లు ఇల్లు మాదిరి లేదక్కా. మంచంలో పండుకోని, వదినా కూర బాగుండాది అంటాది. నాకు భయం ఏస్తా ఉండాది."

నేను టేపు తీశాను.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. ఆడవాళ్లకు టేపు చుట్టగానే వాళ్లకు తెలియకుండానే ఊపిరి బిగబడతారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. అందరూ అంతే. నేనూ ఏనాడూ వద్దనలేదు. అలా కొలిచి కుడితేనే జాకెట్టు ఒంటికి అతికినట్టు, ఎక్కడా ముడత లేకుండా ఉంటుంది. నా అంగడికి ఆ పేరు ఉంది. పెళ్లిళ్లకు నెల్లూరు నుంచి కూడా వచ్చి కుట్టించుకునేవారు ఉన్నారు. పోలమ్మకు కూడా అలాగే కొలిచాను. పరిగెత్తేటప్పుడు జారకుండా ఇంకో అర అంగుళం బిగించమంది, బిగించాను. జన్మలో పరిగెత్తినదాన్ని కాను, పరిగెత్తేవాళ్లకు కుట్టినదాన్నీ కాను. పంజాబీ డ్రెస్సు వేసుకోరాదా అంటే, అది తన వల్ల కాదంది. చీర గోచీ పోసి కడతానంది. చేపల పనిలో వాళ్లకు అది అలవాటే.

మూడు రోజుల్లో ఇచ్చేశాను. ఎర్ర జాకెట్టు. వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

పరుగుకు ఇంకా వారం ఉందనగా పోలమ్మ ఆ జాకెట్టు చేత్తో పట్టుకుని వచ్చింది. బుట్ట లేదు. ముఖం వాడిపోయి ఉంది.

"ఇంక వొద్దులే అక్కా. ఆళ్లు చెప్పిందే నిజం."

ముందురోజు పొద్దున కొత్త జాకెట్టు వేసుకుని, చూసుకుందామని పాలెం నుంచి విడవలూరు వైపు పరిగెత్తిందట. మూడు కిలోమీటర్లు బాగానే వచ్చిందట. ఆ తర్వాత ఊపిరి అందలేదు. కళ్ల ముందు చీకట్లు కమ్మి కల్వర్టు మీద కూలబడింది. ఆ దారిన పోయే పాలెం మగవాళ్లు చూసి, ఆటోలో ఎక్కించి ఇంటికి చేర్చారు. మధ్యాహ్నానికి పాలెమంతా ఒకటే మాట: రక్తం ఇచ్చింది గదా, ఎట్టా పరిగెత్తద్ది? ఈ వారం ఇస్తామని ఒప్పుకున్న ఇద్దరు కూడా రామన్నారు. సుజాతకు మంగళవారం లోపల మనిషి కావాలి.

"మామ కూడా ఇంక ఇయ్యొద్దు అంటా ఉండాడు," అంది. మామ అంటే భర్త శీనయ్య.

నేను ఆమె మాట వింటూ జాకెట్టు చేతిలో తిప్పి చూస్తున్నాను. చూడకుండా ఉండలేను, అది చేతి అలవాటు. పక్క కుట్టు దగ్గర దారం సాగి బట్టకు చిన్న చిన్న కన్నాలు పడ్డాయి. హుక్కులు తగిలించే దారపు ఉంగరాలు పొడుగ్గా సాగిపోయాయి. ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి దూర్చే చంక చుట్టు, ఒకవైపు పిగిలింది. కూర్చున్నచోట కూర్చుని ఉండే ఒళ్లు బట్టను అలా చెయ్యదు.

"పోలమ్మా, రక్తం ఇచ్చినాక బుట్ట మోసినావా?"

"మొయ్యకపోతే ఎట్టా? రోజూ మోస్తానే ఉండా."

"ఆయాసం వచ్చిందా?"

"లేదే."

"అప్పుడు ఏ జాకెట్టు ఏసుకున్నావు?"

"నా పాతవే."

లోపలి గదిలోకి తీసుకుపోయి చూశాను. రొమ్ము కింద, చంకల దగ్గర తాడుతో కట్టినట్టు ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆమె వేసుకొచ్చిన పాత జాకెట్టే మళ్లీ వేయించి, నిలబెట్టి కొలిచాను. మామూలుగానే ఊపిరి బిగబట్టింది. ఆ కొలత రాసుకున్నాను. తర్వాత వీధి చివర దాకా రెండుసార్లు పరిగెత్తి రమ్మన్నాను. "ఏందక్కా ఈ పిచ్చి" అంటూనే పరిగెత్తి వచ్చింది. రొప్పుతుండగానే టేపు చుట్టాను. రెండున్నర అంగుళాలు ఎక్కువ. నేను కుట్టిన జాకెట్టులో ఆ రెండున్నర అంగుళాలకు చోటే లేదు. పైగా ఇంకో అర అంగుళం బిగించి ఇచ్చాను.

అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను.

నిజం చెప్పాలి. ముందు వచ్చిన ఆలోచన మంచిది కాదు. గుట్టుగా కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చేస్తే పోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. పెళ్లిళ్ల రోజులు. కుట్టు బాగాలేక ఆడమనిషి పడిపోయిందంటే ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. కానీ పోలమ్మ ఎదురుగా నిలబడి ఉంది. తన ఒంట్లో బలం లేదని తనే నమ్మేసింది. పాలెం నమ్మేసింది. వదులు చేసిన జాకెట్టు ఆ మాటను ఎట్లా తిప్పుతుంది?

దేవుడి పటం ముందు నిలబడి, స్వామీ నోరు తడబడకుండా చూడు అని దండం పెట్టుకున్నాను. "పద, మీ పాలెం పోదాం," అన్నాను.

మేము పోయేసరికి పడవలు వచ్చి ఉన్నాయి. మగవాళ్లు ఇసుకలో కూర్చుని వలల్లోంచి చేపలు విడదీస్తున్నారు. మస్తానయ్యగారు ఒక పడవ నీడన కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి, ఒంటి మీద తుండుగుడ్డ తప్ప చొక్కా లేదు. ఆయన పక్కనే ఆయన భార్య రాగమ్మ చేపలు ఏరుతోంది. నేను కుంటుకుంటూ ఇసుకలో నడిచి ఆయన ముందు నిలబడ్డాను. జాకెట్టు తిరగేసి చూపించాను.

"అయ్యా, నేను విడవలూరులో బట్టలు కుట్టేదాన్ని. పోలమ్మ పడిపోయింది రక్తం ఇచ్చినందుకు కాదు. నేను కుట్టిన జాకెట్టు బిగుతై ఊపిరి ఆడలేదు. తప్పు నాది."

వలల దగ్గర ఎవరో నవ్వారు. "జాకెట్టుకు మనిషి పడిపోతాదా?" అన్నారు.

"మీరే చూడండి," అని టేపు తీసి రాగమ్మ చేతికి ఇచ్చాను. "అమ్మా, మీ ఆయన ఛాతీ చుట్టూ ఇది చుట్టండి. అయ్యా, మీరు పొట్ట లోపలికి లాక్కోని ఊపిరి బిగబట్టండి."

"నన్నెందుకు కొలిచేది? నాకు జాకెట్టు కుడతావా?" అన్నారాయన. ఈసారి అందరూ నవ్వారు.

"కొలిపించుకో. ఈ వయసులో నీకు ఇంకెవురు కుట్టిస్తారు," అంది రాగమ్మ, టేపు చుట్టేస్తూ. ఆమెకు అంకెలు రావు. వేలితో పట్టుకుని చూపిస్తే నేను చదివి గట్టిగా చెప్పాను. తర్వాత, దయచేసి ఆ పడవ తాడు నలుగురితో కలిసి గట్టు మీదికి లాగి రండి అన్నాను. ఆయన లేచి వెళ్లి తాడు పట్టారు. లాగి వచ్చాక రొప్పుతుండగా రాగమ్మ మళ్లీ చుట్టింది. రెండంగుళాలకు పైనే తేడా.

"అప్పుడు బిగించిన టేపు అట్టాగే మీ ఒంటికి కుట్టేసి, ఇప్పుడు తాడు లాగమంటే ఎట్టా ఉంటాది? నేను ఆ పిల్లకు చేసింది అదే."

మస్తానయ్యగారు తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నారు.

"అయితే తప్పు నీదంటావు."

"నాదేనయ్యా."

"ఇంతమందిలో చెప్తా ఉండావు. రేపు నీ అంగట్లో ఎవురు కుట్టించుకుంటారమ్మా?"

"అది దేవుడు చూసుకుంటాడు. ఆమె రక్తం మీద నింద మాత్రం వద్దు."

ఆయన పోలమ్మ వైపు చూసి, "పరిగెత్తు," అన్నారు. "ఒడ్డు దాకా వస్తే అప్పుడు మాట్లాడదాం. మధ్యలో కూలబడితే మాత్రం ఇంక ఈ మాట పాలెంలో ఎత్తగూడదు."

ఒప్పుకోవద్దని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పోలమ్మ మాత్రం, "సరే పెద్దకాపా," అంది. జాకెట్టు సంగతి విన్నాక మనసు మార్చుకుని మంగళవారానికి శీనయ్యే మళ్లీ పోయాడు. ఆసుపత్రి వాళ్లు చూసి, గడువు దాటింది, ఇయ్యొచ్చు అన్నారు. ఆ వారానికి గండం గడిచింది.

ఆ వారం నేను వేరే పని ముట్టలేదు. ముందు కుట్టిన జాకెట్టును సరిచేయడానికి లోపల అలవెన్స్ చాలలేదు. అలవెన్స్ అంటే ముందుముందు వదులు చేసుకోవడానికి కుట్టు లోపల మడిచి ఉంచే బట్ట. అందుకని అదే ఎర్ర బట్టలో కొత్తగా కత్తిరించాను. వీపు ముక్కను క్రాస్ కటింగ్ చేశాను, అంటే బట్టను ఏటవాలుగా కత్తిరించడం. అలా కత్తిరించిన బట్ట ఊపిరితో పాటు సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది. చంకల కింద గస్సెట్లు వేశాను. అవి పలకగా కత్తిరించిన చిన్న ముక్కలు. చెయ్యి ఎంత ఎత్తినా జాకెట్టు పైకి లాగదు. మా అమ్మ కాలంలో పొలం పనికి పోయే ఆడవాళ్ల రవికలన్నిటికీ అవి ఉండేవి. షోకు లేదని మేమే మానేశాం. పోలమ్మను రోజూ పరిగెత్తించి, రొప్పుతుండగా కొలిచి, రొప్పుతుండగా వేసి చూశాను. ముడతలు వచ్చాయి. ముడతలున్న జాకెట్టు నా చేత్తో ఇవ్వడం అదే మొదలు.

ఆదివారం పొద్దున నేను ఆటోలో ముందే పోయి ఒడ్డున కూర్చున్నాను. నా చేతిలో జపమాల ఉంది కానీ ఎన్నిసార్లు తప్పానో లెక్కలేదు. పాలెం పాలెమంతా రోడ్డు పక్కన నిలబడింది. రాగమ్మ నీళ్ల బిందె పెట్టుకుని కూర్చుంది. ముందు కుర్రవాళ్లు వచ్చారు. తర్వాత కాలేజీ ఆడపిల్లలు. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. "కల్వర్టు కాడ ఉంటాది పోయి చూడండ్రా," అన్నాడు ఒకాయన. ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి మలుపులో ఎర్ర జాకెట్టు కనిపించింది. వేగం ఏమీ లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు వచ్చే నడకకు కాస్త ఎక్కువ, అంతే. చెప్పులు లేవు. గోచీ పోసిన చీర మోకాళ్ల దగ్గర తడిసిపోయింది. ఆగకుండా వచ్చి, గీత దాటి, మస్తానయ్యగారి ముందు నిలబడింది.

"కూర్చో మే, కూర్చో," అన్నారు ఆయన.

"కూర్చోను. నన్ను చూడండి. నేను ఇచ్చినదాన్నే. ఒకటి గాదు, రెండుసార్లు ఇచ్చినా. నా బలం ఏడకన్నా పొయిందా? పోతే నేనెట్ట వచ్చినా? సుజాత మీ కండ్ల ముందర పుట్టింది, మీ చేతుల్లో పెరిగింది. మీ పండగల్లో కోలాటం ఏసింది. ఇప్పుడు దానికి వారానికి ఒక మనిషి చాలు. ఒక్క మనిషి. ఆ తరవాత ఒకరోజు వేట మానుకుంటే చాలంట. అంతే."

అంత పొడుగు మాట ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అక్కడున్న వాళ్లందరికీ ఆ మాట ఎంత వినిపించిందో, ఆ ఊపిరి అంత వినిపించిందని నాకనిపించింది.

మస్తానయ్యగారు ఉపన్యాసం ఇవ్వలేదు. పేర్లు రాసుకునే అబ్బాయిని పిలిచి ఒక్కటే అడిగారు. "ఇచ్చినోడు వేటకు పోకుండా ఎన్ని దినాలు ఆగాల?" ఒకరోజు బరువు పని లేకుండా ఉంటే చాలన్నాడు అతను. ఆయన పాలెం వాళ్ల వైపు తిరిగారు. "అయితే వంతు పెట్టుకుందాం," అన్నారు.

వంతు ఆ పాలెంలో పాత కట్టుబాటు. ఏ వల ఏ రోజు ఎవరు వేయాలో వాళ్లు చీట్లు వేసి వంతులు పెట్టుకుంటారు, వంతు తప్పడం పెద్ద తప్పు. ఇప్పుడు రక్తం గ్రూపు కలిసిన మగవాళ్లందరికీ అలాగే చీట్లు వేశారు. ఎవరి వంతు వస్తే వాళ్లు నెల్లూరు పోవాలి. మర్నాడు పడవ ఎక్కగూడదు. ఎక్కకపోయినా ఆ రోజు పడవలో పడిన చేపల్లో వాళ్ల పాలు వాళ్లకు ఇయ్యాలి. పడవలో పడిపోయిన ఆ మనిషి కూడా చీటీ వేశాడు. "ఈసారి ఒకరోజు పండుకుంటాలే," అన్నాడు.

మొదటి వంతు తనదేనని మస్తానయ్యగారు పట్టుబట్టారు. ఆసుపత్రిలో వయసు చూసి పనికిరాదన్నారట. ఆయనకు కోపం వచ్చిందట. ఆయన బదులు పోయినవాడు మిషను పక్కన పడుకున్నంతసేపూ, ఆయన వాడి చొక్కా ఒళ్లో పెట్టుకుని తలుపు బయట కూర్చున్నారని పోలమ్మ చెప్పింది.

ఆ వంతు ఎనిమిది నెలలు నడిచింది. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆ తర్వాత మందు పనిచేయసాగింది. వారానికి ఒకసారి ఎక్కించేది పది రోజులకు ఒకసారి అయింది, తర్వాత నెలకు ఒకసారి, తర్వాత అవసరం లేకపోయింది. సుజాత ఇంకా మందులు వాడుతూనే ఉంది, పరీక్షలకు పోతూనే ఉంది. కానీ ఇప్పుడు బజారుకు తనే బుట్ట తెస్తోంది. ఆమె గొంతు వీధి మొదట్లోనే వినిపిస్తుంది. వినిపించిన ప్రతిసారీ మిషను ఆపి ఒక్క దండం పెట్టుకుంటాను. దేవుడికి, ఆ డాక్టర్లకు, పేర్లు తెలియని ఆ పాలెం మగవాళ్లకు, కల్వర్టు దాటి వచ్చిన పోలమ్మకు.

నా అంగడి సంగతి కూడా చెప్పాలి. ఆ సీజనులో పెళ్లి జాకెట్లు కొన్ని తగ్గిన మాట నిజం. బదులుగా పాలెం ఆడవాళ్లు వచ్చారు. గస్సెట్లు వేసిన, పనికి పనికొచ్చే జాకెట్లు కావాలన్నారు. ఇప్పుడు ఎవరు వచ్చినా నిలబెట్టి ఊరికే కొలవను. వీధి చివర దాకా నడిచి రమ్మంటాను, లేదంటే ఇంటి సంగతులు ఏవో అడిగి మాట్లాడుతుండగా కొలుస్తాను. మనిషి బతికి ఉన్నప్పుడు ఒళ్లు కదులుతుందని, బట్ట దానికి చోటివ్వాలని ముప్పై ఏళ్ల తర్వాత నేర్చుకున్నాను.

కానీ ఆ పని నేర్పిన పెద్ద పాఠం అది కాదు. పని చేసేవాళ్లం అన్నాక తప్పు చేస్తాం. ఆ తప్పు మనదని మనం చెప్పకపోతే అది ఊరికే పోదు, ఇంకెవరి మీదనో పోయి కూర్చుంటుంది. ఆ రోజు నేను నోరు మూసుకుని కుట్లు విప్పి ఇచ్చేసి ఉంటే నా కుట్టుకు ఏ మచ్చా వచ్చేది కాదు. సుజాతకు మాత్రం మనిషి దొరికేవాడు కాదు.